ఎనిమిదో కిటికీ

పొద్దుగూకాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు. తప్పక నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి అంచున నడుస్తారు. తల దించుకుని, గబగబా...

ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట — కిటికీలు లెక్కపెట్టొద్దు.

వీధిలో నిలబడి చూస్తే మేడ మీద ఎనిమిది కిటికీలు. గుమ్మం నట్టనడుమ, దానికి అటు నాలుగు, ఇటు నాలుగు. లోపలికి వెళ్ళి లెక్కపెడితే మాత్రం ఏడే. ఎడమ చివరి కిటికీ ఉండాల్సిన చోట లోపల మెట్లున్నాయి, మెట్ల పక్కన నిండు గోడ ఉంది. బయట చూస్తే చట్రం ఉంది, రెక్కలున్నాయి, కింద రాతి అంచు ఉంది. అది ఎప్పుడూ మూసే ఉంటుంది.

ఎప్పుడూ అనేది పగలు చూసినవాళ్ళ మాట. రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సు ఒకామె ఆ మాట అనదు. ఏం చూసిందో చెప్పదు కూడా. ఒక స్టాపు ముందే బస్సు దిగి, చుట్టూ తిరిగి ఇంటికి వెళ్తుంది. అంతే.

నేను వడ్రంగిని. పాత తలుపులూ కిటికీలూ బాగుచెయ్యడం నా పని. దెయ్యాలంటే నాకు నమ్మకమూ లేదు, మర్యాదా లేదు. ఈ కథలో సగం మా బావ చెప్పింది. ఆయన మాటలు మామూలుగా నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. ఇది మాత్రం వదల్లేకపోయాను. ఎందుకంటే మిగతా సగం నా చేతుల మీదుగా జరిగింది.

బావంటే మా అక్క మొగుడు. పాత ఇళ్ళు చూసి, ఇది ఏ కాలంది, ఏ శైలిది అని రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. మా ఇంటికి మొట్టమొదట వచ్చిన రోజు మా అమ్మ ముఖం కన్నా ముందు మా గుమ్మం మీది నగిషీ చూశాడు. "ఇది తర్వాత అతికించారు," అన్నాడు. అప్పటికింకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మనుషుల పేర్లు మర్చిపోతాడు గానీ చూరు కింది కార్నీసుల పేర్లు మర్చిపోడు. "నాకు తెలియదు" అనే మాట ఆయన నోట పద్దెనిమిదేళ్ళ కాపురంలో మా అక్క వినలేదు.

నాకూ ఆయనకీ ఉప్పూ నిప్పూ. దాచుకోవడం దేనికి.

ఇక ఆ ఇంటి సంగతి. ఆ వీధిని వెడల్పు చేస్తామన్నారు. అడ్డొచ్చే ఇళ్ళు తీసేస్తారు, ఖాళీ చేసినవాళ్ళకి ఊరి చివర కొత్త బ్లాకులో ఫ్లాటు ఇస్తారు. అయితే ఏదైనా ఇల్లు ఒక శైలికి అచ్చమైన నమూనా అని రిజిస్టరుకెక్కిందంటే దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. కూల్చకూడదు, మార్చకూడదు, ఒక మేకు పీకకూడదు. రోడ్డే దాన్ని తప్పించుకుని పోవాలి. ఇదంతా తేలేది ఒక కాగితం మీద, ఒకే ఒక్క గడిలో. ఆ గడి నింపేది మా బావ.

ఆ ఇంట్లో ఉండేది ఒక్కతే. టైపు టీచరు. ఒకప్పుడు కింద ముందు గదిలో పదిహేను మిషన్లు టకటకలాడేవట. ఇరవై ఆరేళ్ళ కిందట ఇల్లు చవగ్గా వస్తోందని, ఎందుకు చవకో ఆరా తియ్యకుండా కొనేసింది. తర్వాత అమ్ముదామంటే కొనేవాడు లేడు. అద్దెకిద్దామంటే వచ్చినవాళ్ళు వారం తిరక్కుండా సామాన్లు సర్దేవాళ్ళు. పిల్లలు నేర్చుకోవడానికి రావడం మానేశారు. వేరే చోట అద్దె కట్టుకునే ఓపిక ఆమెకి లేదు. ఆ ఇంటి నుంచి బయటపడటానికి ఆమెకి ఒక్కటే దారి మిగిలింది. ఆ ఇల్లు కూలిపోవాలి, ఆమె చేతికి ఫ్లాటు తాళం రావాలి.

మొదటిసారి బావ పగలు వెళ్ళాడు. పది నిమిషాలున్నాడు. బయట ఎనిమిది, లోపల ఏడు. ఓస్ ఇంతేనా అనుకున్నాడు. తర్వాతెప్పుడో ఎవరో మెట్లు కట్టుకుని, కిటికీ అడ్డొస్తే పూడ్చేశారు. అంటే మార్చిన ఇల్లు. గడిలో "శైలి లేదు" అని రాసి సంతకం పెట్టేశాడు.

ఆ మాట వినగానే టైపు టీచరు బరువు దిగినట్టు గోడకి ఆనుకుని కూర్చుందట. మర్నాడు పచారీ కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చుకుంది.

ఆమె సామాను సగం సర్దేలోపు ఆఫీసుకి కొత్త అధికారిణి వచ్చింది. బావ కాగితం మీద ఎర్ర సిరాతో గీత గీసి వెనక్కి పంపింది. టార్చి పరీక్ష ఏదీ అని.

టార్చి పరీక్ష అంటే పెద్ద విద్యేం కాదు. పగటి వెలుగు గోడ మీద నేరుగా పడుతుంది కాబట్టి అంతా చదునుగా కనిపిస్తుంది. చీకట్లో టార్చిని గోడకి ఆనించి వెలుగుని పక్కవాటుగా పారించారనుకోండి, గోడ గుట్టంతా బయటపడుతుంది. ఎక్కడ పూడ్చారు, ఎక్కడ అతికారు, ఏ మేస్త్రి చెయ్యి ఎక్కడ ఆగింది... అన్నీ. పూడ్చిన కిటికీ అయితే చుట్టూ సన్నటి అతుకు తేలుతుంది. వందేళ్ళయినా, పది రంగులేసినా దాగదు. అందుకే ఆ పరీక్ష రాత్రిపూటే చెయ్యాలి.

బావ రాసిన కాగితం తిరిగిరావడం అదే మొదలు. ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రే టార్చి తీసుకుని బయల్దేరాడు.

తలుపు గొలుసు తియ్యకుండానే టీచరు సందులోంచి చూసింది. పరీక్షకి వచ్చానన్నాడు.

"మొదట రాసిందే ఉంచండి."

"అది తప్పని తేలితే?"

"తేల్చకండి."

ఆయన ఆఫీసు కాగితం తీసి చూపించాడు. ఆమె గొలుసు తీసింది. కూర్చోమనలేదు. లైటు వెయ్యలేదు. అట్టపెట్టెల మధ్య నుంచి దారి చూపిస్తూ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. పైకి తను రానంది. ఆయన రెండు మెట్లెక్కాక గొంతు బాగా తగ్గించి ఒక మాట అంది.

"మెట్ల గోడ దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. అది చూపించుకోవాలని చూస్తుంది."

బావ నవ్వుకున్నాడు. మనుషులు చెప్పేది ఆయన ఎప్పుడు విన్నాడు గనక.

ముందు కుడి పక్క గదులు చూశాడు. టార్చి ఆనించి, అంగుళం అంగుళం జరుపుతూ... అతుకు లేదు. మాసిక లేదు. తాపీ నడిచిన చోటల్లా ఒకే మేస్త్రి చెయ్యి. రెండో గదిలోనూ అంతే. ఎడమ పక్కకి వచ్చాడు. అక్కడా అంతే.

అయితే ఒక సంగతి ఆయనకి అప్పుడే తోచిందట. వెలుగు ఆయన చెప్పినట్టు వినడం లేదు. టార్చి ఒకచోట పెడితే వెలుగు జానెడు అవతల పడుతోంది. ఆయన చెయ్యి కదలకముందే అది కదులుతోంది. ఇటు చూడు... ఇప్పుడు ఇటు చూడు... అని ఎవరో వేలు పెట్టి చూపిస్తున్నట్టు.

వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

మెట్ల గోడ దగ్గరికి వచ్చాడు. ఇక్కడ అతుకు తేలాలి. తేలితే ఆయన మొదట రాసిందే రైటు. టార్చి ఆనించాడు. పై నుంచి కింది దాకా, ఈ కొస నుంచి ఆ కొస దాకా పారించాడు.

అతుకు లేదు.

దాని బదులు వేరే ఒకటి కనిపించింది. గార పచ్చిగా ఉండగానే మేకు మొనతో గీసిన గీత. నిలువుగా, అడ్డంగా, మళ్ళీ నిలువుగా. బయట కిటికీ ఎంత ఉందో సరిగ్గా అంత కొలత. కట్టిన మేస్త్రి గుర్తు కోసం గీసుకున్న గీత అది. అంటే అక్కడ కిటికీ ఏనాడూ లేదు. పూడ్చిందీ లేదు. కట్టిన రోజే అది ఉత్తుత్తి కిటికీ.

అప్పుడు ఆయనకి అంతా అర్థమైపోయింది. వందా నూట పదేళ్ళ కిందట అలాంటి ఇళ్ళ మోజు ఒకటి ఉండేది. అంతకుముందు తరాల వాళ్ళ కట్టడాలు చూసి మళ్ళీ అలాగే కట్టడం. గుమ్మం నట్టనడుమ ఉండాలి, గుమ్మం పైన అరచందమామ అద్దం ఉండాలి, చూరు కింద పళ్ళలా చెక్కిన దిమ్మెల వరస ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, అటు ఎన్నో ఇటూ అన్నే. రిజిస్టరులో దానికి రివైవల్ అని పెద్ద పేరు. మా పనివాళ్ళం తక్కెడ ఇళ్ళు అంటాం. లోపల మెట్లొచ్చి ఒక కిటికీకి చోటు లేకపోతే తూకం తప్పుతుందని బయట ఉత్తుత్తి కిటికీ బిగించేవాళ్ళు. అలాంటిది ఒక్కటైనా చెడిపోకుండా మిగలడం అరుదు. ఇది అచ్చమైన, మచ్చలేని నమూనా.

ఇక చాలనుకుని టార్చి ఆర్పాడు.

గీతలు ఆరలేదు.

చీకట్లో, నిండు గోడ మీద, ఆ కిటికీ గీత సన్నగా వెలుగుతూనే ఉంది... తలుపు సందులోంచి అవతలి గది దీపం కనిపించినట్టు. ఆ వెలుగు నెమ్మదిగా జరిగింది. ఈ అంచు నుంచి ఆ అంచుకి. గోడ అవతల ఎవరో దీపం ఆనించి, ఆయన పారించినట్టే పారిస్తున్నారు. తర్వాత గోడలోంచి గడియ తీసిన చప్పుడైంది.

మెట్లు ఎలా దిగాడో తెలియదట. టీచరుని దాటుకుని, అట్టపెట్టెలు తన్నుకుని, వీధిలోకి వచ్చి పడ్డాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

ఎనిమిదో కిటికీ బార్లా తెరిచి ఉంది. లోపల గది ఉంది. ఆ గదిలో ఎవరో అటు తిరిగి నిలబడి దీపంతో గోడ చూపిస్తున్నారు. పూర్తిగా. ఏదీ దాచుకోకుండా.

మర్నాడు తెల్లారి నా షెడ్డు షట్టరు ఎత్తేసరికి బావ బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్ళలో ఆయన నా గుమ్మం తొక్కడం అదే మొదలు. టీ తెప్పించాను. గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. జరిగిందంతా చెప్పాడు. నేను అడిగింది ఒక్కటే.

"గడిలో ఏం రాశావు బావా?"

"ఉన్నది రాశాను. అచ్చమైన నమూనా అని. పొద్దున్నే అధికారిణి ఇంటికెళ్ళి ఇచ్చేశాను."

"మరి ఆ టీచరు?"

"ఒకసారి తప్పు రాశాను. తెలిసి తెలిసి రెండోసారి రాయమంటావా?" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఆవిడకి కాగితంలో గడి లేదురా," అన్నాడు.

కిటికీలో ఉన్నదానికి జడిసి రాశాడో, తప్పు దిద్దుకోవాలని రాశాడో నాకు ఈ రోజుకీ తెలియదు. అరిచింది మాత్రం నేనే. ఇటుకలకి న్యాయం చేసి మనిషిని దాని నోట పెట్టొచ్చావని అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ కోపం ఇప్పటికీ నా కడుపులోనే ఉంది.

పని ముట్టలేదు. నేరుగా ఆ ఇంటికి వెళ్ళాను.

టీచరు సర్దిన పెట్టెల మీద కూర్చుని ఉంది. తలుపు తెరిచే ఉంది. నేను ఫలానా ఆయన బావమరిదినని చెప్పగానే ఆమె ముఖం గట్టిపడింది.

"ఏం, ఇంకా ఏమైనా కొలవాలా?"

కొలవడానికి రాలేదన్నాను. నిలబడే ఉన్నాను, ఆమె కూర్చోమనలేదు. తనే మొదలుపెట్టింది. నా వైపు చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. రాత్రిళ్ళు ఏ గదిలో పడుకుంటే ఆ గదిలో ఇంకొకరి ఊపిరి వినబడుతుందట. తను లేచిన కుర్చీ వెచ్చగానే ఉంటుందట, గంట తర్వాత కూడా. తలుపు వేసుకుంటే కోపం. ఎవరినైనా ఇంటికి పిలిస్తే కోపం. ఏడాదికేడాది అది తనకి దగ్గరగా జరుగుతోందట. ఈమధ్య మంచం అంచున కూర్చుంటోంది.

"కిటికీ అంటూ పెట్టాక దాని వెనక ఎవరో ఒకరు ఉండాలి కదా," అంది. "కిటికీ ఇచ్చారు. గది ఇవ్వలేదు. అందుకని నా గదులన్నీ దానివే."

అప్పటిదాకా నేను దెయ్యం సంగతి ఆలోచించలేదు, నిజం చెప్తున్నాను. ఆవిడ వేళ్ళు చూస్తున్నాను. ఒడిలో పెట్టుకున్న చేతుల్లో వేళ్ళు వాటంతటవే ఏదో టైపు కొడుతున్నాయి.

ఇల్లు రిజిస్టరుకెక్కిందనే నోటీసు ఎప్పుడు అతికిస్తారని అడిగాను. రేపు పొద్దున తొమ్మిదింటికి. అతికించేదాకా ఇల్లు ఆవిడదే. ఏం పీకినా, ఏం మార్చినా అడిగేవాడు లేడు.

"టీచర్ గారూ, అది తక్కెడ ఇల్లు," అన్నాను. "అటు నాలుగు, ఇటు మూడు అయితే తూకం లేదు. తూకం లేకపోతే శైలీ లేదు."

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. అర్థం కాగానే లేచి నిలబడింది.

మేడకి అందేంత నిచ్చెన ఎక్కడెక్కడో అడిగి, పనిముట్లతో సహా తెచ్చేసరికి సాయంత్రం అయిదు దాటింది. ఆవిడ నిచ్చెన కాళ్ళు పట్టుకుంది, నేను ఎక్కాను. ఉత్తుత్తి కిటికీ కాబట్టి రెక్కల్ని చట్రానికి, చట్రాన్ని గోడకి మేకులతో బిగించేశారు. చతురస్రపు తలలున్న పాత మేకులు, తుప్పు పట్టి చెక్కలో చెక్కలా కలిసిపోయాయి. నా పని నాకు తెలుసు. ఆ మేకులు దిగగొట్టిన రోజు నుంచి కదల్లేదు. ఆ రెక్కలు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

బావ కలగన్నాడనుకున్నాను. మనసు కాస్త తేలికపడింది.

మూడో మేకు పీకేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఎనిమిదోది పీకేసరికి వీధిలో మనిషి లేడు. ఎడమ రెక్క ఊడి చేతిలోకి వచ్చింది. వెనకంతా గార. గట్టి గోడ. చెయ్యి పెట్టి తట్టి చూశాను, చల్లగా ఉంది. ఆ తర్వాత రెక్కని తిప్పి చూశాను.

వెనక వైపు గడియ ఉంది.

ఎప్పటికీ తెరవని కిటికీకి, గోడకి ఆనే వైపున, గడియ ఎవడు బిగిస్తాడు? ఇత్తడి గడియ అది. వేళ్ళు పట్టే చోట అరిగిపోయింది. మా షెడ్డులో ఉలి పిడి ఎలా అరుగుతుందో అలా, ఏళ్ళ తరబడి చేతులు పడి నున్నగా తేలింది. ఆ రెక్కకీ గోడకీ మధ్య అంతవరకూ నా గోరు దూరే సందు కూడా లేదు.

కిందికి చూశాను. టీచరు పైకి చూడటం లేదు. నిచ్చెనని కావలించుకుని కళ్ళు మూసుకుంది.

రెండో రెక్కకి మేకులన్నీ పీకేశాను. ఊడాలి. ఊడలేదు. రెండు చేతులా పట్టి లాగాను. నేను ఇవతలికి లాగుతుంటే... అవతల నుంచి లాగుతున్నారు. గోడ వైపు నుంచి. బిగుసుకుపోవడం వేరు, లాగడం వేరు. ముప్పై ఏళ్ళుగా చెక్కతో బతికేవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు. నిచ్చెన గోడ మీంచి లేచింది. ఒక క్షణం గాల్లో ఉన్నాను.

"వదలొద్దు," అంది కింది నుంచి టీచరు.

తర్వాత ఆమె మాట్లాడింది నాతో కాదు. గొంతు పెంచలేదు. పక్క మంచం మీద ఉన్నవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది.

"ఇరవై ఆరేళ్ళు చాలు. నేను వెళ్ళిపోతున్నాను. వదులు."

వదిలింది. రెక్కతో సహా నేను సగం నిచ్చెన జారి, ఆవిడ పక్కన పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. పైన చట్రం నడుమ చదరంగా గార గోడ, చట్రం నిండా మేకుల బొక్కలు. అంతకు మించి ఏమీ లేదు. మళ్ళీ ఎక్కి చట్రం కూడా దించేశాను.

"ఇక్కడే కాల్చెయ్యి," అంది. "నా కళ్ళ ముందు."

వీధిలో మంట పెడితే చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరన్నాను. షెడ్డుకి తీసుకెళ్ళి కాలుస్తానన్నాను. మాట ఇవ్వమంది. ఇచ్చాను.

మర్నాడు తొమ్మిదింటికి నోటీసు పట్టుకుని బావా, అధికారిణీ వచ్చారు. బావ వీధిలో నిలబడి మేడ వైపు చూశాడట. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎవరి చేతి పనో ఆయనకి చెప్పక్కర్లేదు. అధికారిణి అక్కడికక్కడే గడి కొట్టేసి "మార్చిన ఇల్లు" అని రాసింది. బావ ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నేనూ అందుకు ఏడవలేదు.

మూడు వారాల్లో ఇల్లు నేలమట్టమైంది. కూలుస్తుంటే వెళ్ళి చూశాను. మెట్ల గోడ పగలగొడితే ఇటుక వెనక ఇటుక, అంతే. గదీ లేదు, ఖాళీ లేదు. టీచరుకి ఆరో అంతస్తులో ఫ్లాటు ఇచ్చారు. మొదటి రాత్రి పదకొండు గంటలు ఒళ్ళెరగకుండా నిద్రపోయిందని, పక్క వాటా వాళ్ళు కంగారుపడి తలుపు కొట్టారని అక్క ద్వారా తెలిసింది. ఆ మాట విన్నప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా జన్మకి ఒక మంచి పని చేశాననిపించింది.

ఇక నా తప్పు కూడా చెప్పేస్తాను. నేను ఆ రెక్కలు కాల్చలేదు.

కాల్చాలనే తెచ్చాను. కిరసనాయిలు కూడా పోశాను. అగ్గిపుల్ల గీసే ముందు ఒకసారి రంగు గీకి చూశాను, చూడకుండా ఉండాల్సింది. వందేళ్ళ టేకు. ఒక్క ముడి లేదు, ఒక్క పగులు లేదు, పురుగు తాకలేదు. ఇవాళ ఎంత పెట్టినా అలాంటి చెక్క దొరకదు. వేరే ఏ పనివాడైనా కాల్చేసేవాడు. వడ్రంగికి చెయ్యి రాదు. బీరువా తలుపులకి పనికొస్తాయిలే అనుకుని, కిరసనాయిలు తుడిచేసి, షెడ్డు వెనక గోడకి ఆనించి నిలబెట్టాను. గడియ ఉన్న వైపు గోడకి తిప్పి.

ఆ గోడ అవతల బస్తాల గోడౌను. రెంటికీ ఒకటే గోడ, మూరెడు మందం. దానికి కిటికీ లేదు, గూడు కూడా లేదు.

నెల దాటింది. ఏమీ జరగలేదు. ఆ రెక్కల సంగతే మర్చిపోయాను.

ఒక సాయంత్రం అక్క వచ్చింది. నన్నూ బావనీ కలపాలని చూస్తోంది పాపం. నాకు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. నేను వెనక గోడకి వీపు పెట్టి చిత్రిక పడుతున్నాను. బావ సరిగ్గా తినడం లేదని, ఎంతైనా పెద్దవాడని, నువ్వే ఒక మెట్టు దిగరా అని చెప్తోంది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది. నా భుజం మీదుగా చూస్తోంది.

"ఒరేయ్," అంది గొంతు తగ్గించి. "వెనక ఆ కిటికీ వెయ్యరా. అవతల గదిలోంచి ఎవరో మనల్నే చూస్తున్నారు."

నేను తిరగలేదు. చిత్రిక బల్ల మీద పెట్టి, అక్క చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, షట్టరు దించేశాను. అది జరిగి పన్నెండు రోజులైంది. నా ఉలులూ రంపాలూ అన్నీ లోపలే ఉన్నాయి.